తొందరేం లేదు

సైరన్ మోగితే మనిషి కదలడు. భ్రమరాంబ ఇన్నేళ్ళ వరద హెచ్చరికల ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి సత్యం ఇదే. గోదావరి పొంగుతోందని మైకులో గొంతు చించుకుంటే లంకల్లో జనం గుమ్మంలోకి వచ్చి, ఆకాశం కేసి ఓసారి చూసి, "మా తాతల కాలం నించీ పొంగుతానే ఉందిలెండి" అని లోపలికి పోయి అన్నానికి కూర్చుంటారు. అదే గట్టు మీది ఊరి నించి మేనమామ ఫోన్ చేసి "ఒరేయ్, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యండ్రా" అన్నాడనుకోండి, పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి పడవెక్కుతారు. నీరు అదే. చెప్పిన నోరు మారింది, అంతే.

ఆ ఎరుకలోంచి పుట్టింది 'కబురు'. అది యంత్రమే గాని, ఒక చెవి, ఒక నోరు అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. నదిలో దించిన కొలతకర్రలు చెప్పేది చెవి వింటుంది. ఏ వీధికి ఎప్పుడు ఎంత నీరొస్తుందో లెక్క కట్టుకుంటుంది. ఆనక నోరు ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తుంది. ఆ ఇంటివాళ్ళు "ఫలానా వారి మాటయితే వింటాం" అని ముందుగా ఎవరి పేరు చెప్పారో, వాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది. గొంతు ఇచ్చినవాళ్ళు ఒప్పుకునే ఇచ్చారు లెండి, దొంగతనం కాదు. ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ రాసివ్వలేదు. లంక గ్రామాల వాళ్ళు మనసొప్పి ఇచ్చిన వేలాది ఫోన్ సంభాషణలు విని, ఏ మాట చెవిన పడ్డాక మనిషి చెప్పులేసుకున్నాడో చూసి, ఆ మాటలే అది నేర్చుకుంది. మొదటి ఏడాది వరదలో లంకల్లో ఒక్క ప్రాణం పోలేదు. దూడ ఒకటి కొట్టుకుపోయిందని పేపర్లో వేశారు.

ఆ దూడ వార్త సముద్రాలు దాటింది. ఆఫ్రికాలో ఆగ్నేయాన మలావీ అని సన్నగా, పొడుగ్గా ఒక దేశం. దాని దక్షిణపు పల్లంలో షీరే నది ప్రతి వానాకాలం మనుషుల్ని పొట్టన పెట్టుకుంటోంది. మూడు దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. చలిదేశం ఒకటి కంప్యూటర్లిచ్చింది, మనవాళ్ళు విద్య ఇస్తామని భ్రమరాంబని పంపారు, మలావీ మనుషుల్నీ నదినీ ఇచ్చింది. ఒక్క మాట మాత్రం మలావీ వాళ్ళు పట్టుబట్టి రాయించుకున్నారు. యంత్రాన్ని తెచ్చి దించి పోవడం కాదు, అలాంటి యంత్రాన్ని తయారుచేసే వాళ్ళు ఇక్కడే తయారు కావాలి అని.

ఆ మాట పట్టుబట్టిన మనిషి చిసొమో. ముప్ఫై దాటి ఉండదు. బ్లాంటైర్ ఊళ్ళో గుట్ట మీదున్న ప్రయోగశాలకి తనే పెద్ద. మాట్లాడితే కర్ర విరిచినట్టుంటుంది. భ్రమరాంబని మాత్రం 'అమాయి' అని పిలిచేది. అక్కడ అమాయి అంటే అమ్మ, పెద్దావిడ. యాభై దాటిన భ్రమరాంబకి ఆ పిలుపు మొదట నవ్వు తెప్పించింది, తరవాత ఇష్టమైపోయింది.

వాళ్ళిద్దరికీ మొదటి రోజే మాటా మాటా వచ్చింది.

"మొదటి నించీ మా వాళ్ళ మాటలతోనే నేర్పుదాం, అమాయి," అంది చిసొమో. "ఇంకో ఏడాది పడుతుంది. పట్టనివ్వండి."

"ఈ ఏడు వరదొస్తే?"

"పోయినేడూ వచ్చింది. అంతకు ముందేడూ వచ్చింది. అప్పుడు మీరు లేరుగా."

"ఇప్పుడున్నానుగా," అంది భ్రమరాంబ.

ఆవిడ ఆలోచన ఆవిడది. గోదావరిలో పెరిగిన కబురునే తెచ్చి, దానికి ఇక్కడి చిచేవా భాష నేర్పితే మూడు నెలల్లో పనవుతుంది. పునాది మనది, గోడలు వాళ్ళవి. హైదరాబాదు నించి డైరెక్టరు లోకనాథం గారు కూడా రోజూ తెర మీద ప్రత్యక్షమై ఇదే పాట. "ఈ వానాకాలంలో చూపించాలండీ భ్రమరాంబ గారూ. లేకపోతే ఒప్పందం మూలపడుతుందండీ. మీకు తెలియందేవుంది!"

"పునాదిలో ఏముందో మీకు పూర్తిగా తెలుసా?" అని అడిగింది చిసొమో.

"మనుషులున్నారు. మీవాళ్ళ లాంటి వాళ్ళే. ఏటిగట్టున పుట్టి, ఏటిగట్టు వదలమనేవాళ్ళు."

చిసొమో కిటికీలోంచి బయటికి చూసింది. సెప్టెంబరు ఎండకి కొండలు మాడిపోయి ఉన్నాయి. ఆ కొండల కింద, నది పక్కనే చిలొంబె అనే ఊరుంది. చిసొమో పుట్టింది అక్కడే. వాళ్ళమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది, అందులోనూ పల్లపు వీధిలో. ఇంకో ఏడాది ఆగడమంటే ఆ వీధిని ఇంకో వానాకాలం దేవుడికి వదిలెయ్యడమే. "సరే," అంది చివరికి.

ఎరువుల సొమ్ము బరువుల చేటు అనేది భ్రమరాంబ నాయనమ్మ. పక్కింటి గొలుసు అడిగి తెచ్చుకుని పెళ్ళికి వెళ్ళే కోడళ్ళని చూసి అనేది. ఆ మాట ఆ రోజు భ్రమరాంబకి గుర్తు రాలేదు. వచ్చినా, అది గొలుసుల సంగతనే అనుకునేది.

*

ఎవరి మాట వింటారో అడగడానికి ఇద్దరూ చిలొంబె వెళ్ళారు. చిసొమో వాళ్ళమ్మ పేరు ఎనీఫా. భర్త పోయాడు, బాతులు పెంచుతుంది, నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. నల్లరేగడి నేల చూపించి, "కొండ మీద ఇలాంటి మన్నుందా? ఉంటే చెప్పు, ఇవాళే వస్తా," అని భ్రమరాంబనే నిలదీసింది.

"ఎవరి మాట వింటారు మీరు?" అని అడిగింది భ్రమరాంబ. చిసొమో మధ్యలో అటూ ఇటూ చెప్పింది.

"ఎవరి మాటా వినను."

"ఒక పేరు చెప్పాలి, తప్పదు."

ఎనీఫా కూతురి వైపు గడ్డం ఎగరేసింది. "అయితే దీని పేరు రాసుకో. ఇది అరిస్తే తలుపులు కూడా లేచి నడుస్తాయి. రెండేళ్ళ కిందట నీళ్ళొచ్చినప్పుడు ఫోన్ చేసి ఏమందో తెలుసా? 'అమ్మా, లే. బాతుల్ని వదిలెయ్. నడు.' బాగున్నావా లేదు, తిన్నావా లేదు. అంత కోపంగా చెప్తే ఏం చేస్తాం? లేచి నడిచాను. బాతులన్నీ పోయాయి."

"నువ్వు మిగిలావుగా," అంది చిసొమో.

"అదే నా బాధ," అని పకపకా నవ్వింది ఎనీఫా.

మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్దలు, ఎండుచేపల పులుసు పెట్టింది. మన సంకటి లాగే ఉందనుకుంటూ భ్రమరాంబ ఇష్టంగా తింది. తింటుంటే కబుర్లు సాగాయి. కొడుకు లిమ్బాని జోహన్నెస్‌బర్గులో గనిలో పని చేస్తాడట. అక్కడి ఉన్ని దుప్పట్లు వెచ్చగా ఉంటాయట. "మూడేళ్ళుగా తెస్తూనే ఉన్నాడు ఆ దుప్పటి. ఇంకా దారిలోనే ఉన్నట్టుంది," అంది ఎనీఫా. ఆనక, "మీ అమ్మా నాన్నా ఉన్నారా?" అని అడిగింది.

"అమ్మ ఉంది. నాన్న పోయారు."

"పోయినప్పుడు దగ్గరున్నావా?"

"లేను. ఢిల్లీలో ఉన్నాను. మా అన్నయ్య ఫోన్ చేశాడు."

ఆ ఫోను భ్రమరాంబకి ఇప్పటికీ చెవిలో ఉంది. "ఒసే భ్రమరా, నాన్నగారికి కాస్త నలతగా ఉందే. వీలు చూసుకుని ఓసారి వచ్చెళ్ళు. కంగారేం లేదు, తొందరేం లేదు." ఆవిడ ఫోన్ పెట్టేసరికి భర్త అటక మీది సూట్‌కేసు దించేస్తున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చావుకబురు చల్లగా చెప్పినట్టు అని మనం వేరే అర్థంలో వాడతాం గాని, మన ఇళ్ళల్లో నిజంగానే అది చల్లగా చెప్తారు. దారిలో మనిషికేమన్నా అవుతుందని భయం. ఇల్లు చేరేదాకా గుండె నిలబడాలి కదా.

ఆ ఫోను సంగతి చెప్తే ఎనీఫా వింతగా చూసింది. "తొందర లేదన్నాడుగా మీ అన్న. మరెందుకు పరిగెత్తావు?"

"తొందర లేదన్నాడనే పరిగెత్తాను," అంది భ్రమరాంబ.

తల్లీ కూతుళ్ళు ఒకర్నొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. భ్రమరాంబ కూడా నవ్వేసింది. దాంతో ఆ మాట అక్కడితో అయిపోయింది. బాతులు గుమ్మంలోకి వచ్చి అరుస్తుంటే ఎనీఫా వాటిని తిట్టడానికి లేచింది.

*

చిచేవా నేర్పడం మూడు నెలలు సాగింది. చిసొమో మనుషులు ఊళ్ళు తిరిగి ఫోన్ మాటలు పోగుచేశారు. ఎండాకాలం. జనం ఏం మాట్లాడుకుంటారు? మేకల బేరాలు, పెళ్ళి మాటలు, మొక్కజొన్న, అల్లుడి తాగుడు. కబురు అవన్నీ శ్రద్ధగా విని, అచ్చం చిలొంబె మనిషిలా మాట్లాడడం నేర్చుకుంది. ఎండలో కూర్చుని వరద మాట ఎవరు మాట్లాడతారు? ఎవరూ మాట్లాడలేదు. మనుషులు నిజంగా ఆపదలో పడినప్పుడు వాళ్ళ నోట ఏం వస్తుందో అది ఇక్కడ ఒక్కసారీ వినలేదు. అలాంటివి అది విన్నది గోదావరిలోనే.

డిసెంబరులో వానలు పడ్డాయి. చిన్న నీళ్ళు రెండుసార్లు వచ్చాయి. కబురు ఫోన్లు చేసింది. "వీధిలోకి మోకాలి లోతు వస్తుంది, మేకల్ని గట్టెక్కించండి" అని సూటిగా చెప్పింది. జనం మేకల్ని గట్టెక్కించారు. ప్రయోగశాలలో కేకు కోశారు. లోకనాథం గారు తెర మీదే చప్పట్లు కొట్టారు.

పెద్ద వరద వస్తే ఏమంటుందో బల్ల మీదే పరీక్షించారు. ఊరు మునిగేంత నీరు వస్తోందని అబద్ధపు కొలతలిచ్చి, ఏం చెప్తావో చెప్పమన్నారు. తెర మీద చిచేవాలో ఒక వరస, దాని కింద తెలుగులో ఒక వరస వచ్చాయి.

"నీళ్ళు కాస్త పెరిగేలా ఉన్నాయట. కంగారు పడాల్సిందేం లేదు. వీలు చూసుకుని ఓసారి బడి దగ్గరికి వచ్చి వెళ్ళు. తొందరేం లేదు."

చిసొమో నుదురు చిట్లించింది. "ఇదేంటి అమాయి, ఇంత మెత్తగా ఉంది? మోకాలి లోతుకి అరిచింది, ఊరు మునుగుతుంటే జోకొడుతోంది."

"మెత్తగా ఉందా?" భ్రమరాంబ చెయ్యి చాపి చూపించింది. "ఇటు చూడు."

చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నటన కాదు. ఆ తెలుగు వరస చదవగానే ఆవిడకి అన్నయ్య ఫోను, అటక మీది సూట్‌కేసు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"దీని కన్నా గట్టిగా ఎవరూ చెప్పలేరు తల్లీ. లంకల్లో ఈ మాటకే జనం పడవలెక్కారు. ఏ మాటకి మనిషి లేస్తాడో మన కన్నా దానికే ఎక్కువ తెలుసు."

చిసొమో ఆ చేతి వంక చూసింది, తెర వంక చూసింది. తనకేమీ అనిపించలేదు. కానీ ఆవిడ పెద్దది, ఒక్క ప్రాణం పోనివ్వని మనిషి. వెంట్రుకలు అబద్ధం చెప్పవు కదా. ఇద్దరూ సరేనన్నారు, పరీక్ష నెగ్గిందన్నారు.

వెంట్రుకలు అబద్ధం చెప్పలేదు. అవి తెలుగు వెంట్రుకలు, అదీ సంగతి.

*

ఫిబ్రవరి నెలాఖరులో సముద్రం మీది తుపాను మొజాంబిక్ దాటి వచ్చి కొండల్లో కూర్చుంది. శుక్రవారం ఉదయం కబురు లెక్క కట్టి, చిలొంబె మొత్తం సాయంత్రానికి మునుగుతుందని తేల్చింది. వెంటనే ఫోన్లు మొదలుపెట్టింది. తెర మీద ఒక్కో ఇల్లూ పచ్చబడుతూ వచ్చింది. పచ్చరంగంటే ఫోనెత్తారు, విన్నారు, సరేనన్నారు అని.

"అన్నీ పచ్చే," అంది చిసొమో. గుండెల మీంచి బండ దించినట్టు కుర్చీలో వెనక్కి వాలింది. "అమ్మ కూడా సరేనంది. అరవకుండానే సరేనందంటే ఆశ్చర్యమే."

మధ్యాహ్నం టీ తాగుతూ కొండ మీది బడిలో పెట్టిన కెమెరా తెరిచారు. జనం చేరాల్సిన చోటు అదే. వరండాలో ఒక మేక, ఇద్దరు టీచర్లు, గొడుగుతో ఒక పెద్దాయన ఉన్నారు. ఇంకెవరూ లేరు.

"దారిలో ఉంటారు," అంది భ్రమరాంబ. "అంత మాట అన్నాక ఆగుతారా?"

"ఎంత మాట?" అంది చిసొమో. ఆ అడగడంలో ఏదో తేడా ఉంది. కప్పు పక్కన పెట్టి, తన తల్లికి వెళ్ళిన ఫోను తెరిచి పెట్టింది. గదిలో ఆమె గొంతే వినిపించింది. ఆమె గొంతే గాని, ఆమె మాట కాదు.

"అమ్మా, ఎలా ఉన్నావు? తిన్నావా? నీళ్ళు కాస్త పెరిగేలా ఉన్నాయట. కంగారేం లేదు. వీలు చూసుకుని ఓసారి బడి దగ్గరికి వచ్చి వెళ్ళు. తొందరేం లేదు."

"సరేలే తల్లీ," అంటోంది ఎనీఫా. వెనక బాతులు అరుస్తున్నాయి. "ఆదివారం చర్చి అయ్యాక అటు వస్తాను. నీ గొంతేంటి ఇవాళ ఇంత మెత్తగా ఉంది? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నానమ్మా," అంది యంత్రం.

"ఆదివారం," అంది చిసొమో. "ఆదివారం వస్తానంటోంది అమాయి."

భ్రమరాంబకి అప్పుడు తెలిసింది. ఒకేసారి మొత్తం తెలిసింది. కబురు ఎక్కడా పొరబడలేదు. ఆపద ఎంత పెద్దదైతే మాట అంత మెత్తగా ఉండాలని అది గోదావరిలో నేర్చుకుంది, ఆ మెత్తదనానికే అక్కడ మనుషులు పరిగెత్తడం చూసింది. అదే పద్ధతి ఇక్కడ నమ్మకంగా పాటించింది. ఊరంతా ఫోనెత్తి, నిమ్మళంగా సరేనని, మళ్ళీ పనుల్లో పడ్డారు.

"మాకు..." అని మొదలుపెట్టి భ్రమరాంబ మింగేసింది. "మాకు తొందర లేదంటే, ప్రాణం మీదికొచ్చిందని."

చిసొమో మైకు లాక్కుని, కబురు నోరు మూయించి, ప్రతి ఇంటికీ తన గొంతే వెళ్ళేలా మీట నొక్కి అరిచింది. "నేను చిసొమోని, ఎనీఫా కూతుర్ని. నీళ్ళొస్తున్నాయి. చచ్చిపోతారు. పిల్లల్నెత్తుకుని కొండెక్కండి. ఇప్పుడే, ఇప్పుడే!"

పై వీధుల ఇళ్ళు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి. అంటే సరేననకుండానే ఫోను పెట్టేసి బయల్దేరారని. కాసేపటికి కెమెరాలో కొండదారిన మనుషులు కనిపించారు, పిల్లలు, మూటలు, మేకలు. పల్లపు వీధి మాత్రం పచ్చగానే ఉండిపోయింది. అక్కడికి నీళ్ళు అనుకున్న దాని కన్నా ముందే వచ్చాయి, ఫోన్ టవరు అప్పటికే మునిగింది.

*

ఇద్దరూ జీపులో చిలొంబె బయల్దేరారు. కొండదారి బురద. చిసొమో నడుపుతోంది. వాన తగ్గింది గాని అద్దం మీద బురద చిమ్ముతూనే ఉంది.

"మరి మీవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంది హఠాత్తుగా. "నిజంగానే తొందర లేనప్పుడు ఏమంటారు మీరు?"

"అదీ అదే మాట," అంది భ్రమరాంబ. "కానీ తెలిసిపోతుంది."

"ఎలా?"

ఆ రోజు భర్త సూట్‌కేసు ఎందుకు దించాడో భ్రమరాంబకి ఇప్పటికీ తెలీదు. ఆయన ఫోన్ మాటలు వినను కూడా లేదు, తను ఫోను పట్టుకుని నిలబడ్డ తీరు చూశాడు, అంతే. ఇలాంటిది ఇంకో చోటికి మోసుకెళ్ళొచ్చని తను ఎలా అనుకుందో ఆవిడకి అర్థం కాలేదు. సిగ్గేసింది. భయమూ వేసింది. ఎనీఫా ఏ చెట్టో ఎక్కి కూర్చుని తిడుతూ ఉండాలని తన ఊరి అమ్మవార్లందరికీ మొక్కుకుంది.

బడి దగ్గర జీపాగింది. చిసొమో దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. "మీరు వెళ్ళి అడిగి రండి, అమాయి," అంది. "నా కాళ్ళు రావడం లేదు."

బడి నిండా జనం. తడిబట్టల వాసన, పిల్లల ఏడుపులు. గొడుగు పెద్దాయనే ఆ ఊరి పెద్ద. భ్రమరాంబకి వచ్చిన నాలుగు చిచేవా ముక్కలతో అడగబోయింది. ఆయన ఆవిడ మొహం చూసి, ఇంగ్లీషులోనే చెప్పాడు.

"ఎనీఫా చనిపోయింది. పడవలో వెళ్ళినవాళ్ళకి బాతుల దొడ్లో దొరికింది. పల్లపు వీధిలో ఇంకా చాలామంది పోయారు. కూతురు నీతోనే వచ్చింది కదా, నువ్వు చెప్పు."

అంతే. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి గాని మాట తిన్నగా ఉంది. భ్రమరాంబ వరండా దిగింది. జీపు అక్కడికి ఎంతో దూరం లేదు. చిసొమో దిగి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహం చూడగానే భ్రమరాంబ నోటి నిండా పాత మాటలే వచ్చాయి. అమ్మకి కాస్త ఒంట్లో బాగాలేదట తల్లీ. కాసేపు కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగు. తొందరేం లేదు. అమ్మ నించి, నాయనమ్మ నించి, తరతరాల నించి వచ్చిన మాటలు. వాటిని బలవంతాన మింగింది. ఇవాళ ఆ మాటలు ఒక వీధినే ముంచాయి. ఈ పిల్లకైనా ఈ ఊరి పద్ధతిలో చెప్పాలి.

"మీ అమ్మ చనిపోయింది, చిసొమో," అంది.

జీవితంలో ఎవరికీ అలా చెప్పలేదు ఆవిడ.

చిసొమో కింద కూర్చుండిపోయింది. బురదలోనే. ఏడవలేదు. భ్రమరాంబ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే తీసెయ్యలేదు. వరండా వైపు, జీపు వైపు చూసి అంది.

"మీ పద్ధతిలో చెప్పి ఉంటే, అమాయి, ఇక్కణ్ణించి ఆ గుమ్మం దాకా నాకు అమ్మ ఉండేది."

*

కమిటీలూ, నివేదికలూ తరవాత వచ్చాయి. ఎవరి పునాది, ఎవరి గోడ అని మూడు దేశాలూ మర్యాదగా వాదించుకున్నాయి. పరీక్ష నెగ్గిందన్న కాగితం మీది సంతకం తనదేనంది భ్రమరాంబ, ఇంకేం అనలేదు. చిసొమో పాత యంత్రాన్ని పునాదితో సహా తుడిపించేసి, ఆ బడి వరండాలోనే మైకులు పెట్టి, వరదలోంచి బయటపడ్డవాళ్ళ మాటలతో మొదటి నించీ మొదలుపెట్టింది. ఏడాది పైనే పట్టింది. అది ఇప్పుడు ఎవరి గొంతుతో మాట్లాడినా అరుస్తుంది. ఎరువు తెచ్చుకున్నది అందులో రవ్వంత లేదు. భ్రమరాంబ ఆ ఏడాదంతా ఉండి, అడిగినప్పుడే చెప్పింది. అదంతా తరవాతి మాట.

ఆ సాయంత్రం ఇంకా వెలుగుండగానే ఎనీఫాని బడి వెనక గదిలో పడుకోబెట్టారు. చిసొమో తల్లి చేతుల బురద కడిగింది. బయటికొచ్చేసరికి కొండ మీద ఫోన్లు మోగుతున్నాయి. దూరదేశాల్లో ఉన్న పిల్లలకి వరద సంగతి తెలిసింది. చిసొమో ఫోను కూడా మోగింది. తెర మీద 'లిమ్బాని' అని ఉంది. చిసొమో దాని వంక చూసింది, ఎత్తలేదు. తెచ్చి భ్రమరాంబ చేతిలో పెట్టింది.

"మా అన్న. జోహన్నెస్‌బర్గు నించి బస్సులో రావాలి. రెండు సరిహద్దులు దాటాలి. ఒక్కడే వస్తాడు," అంది. "మీరే చెప్పండి. మీ పద్ధతిలో."

"చిసొమో, నేను..."

"దారి చాలా ఉంది, అమాయి."

భ్రమరాంబ ఫోనెత్తింది. ఇంగ్లీషులో ఆ పాత మాటలు వెతుక్కుంది. అన్నయ్య ఆ రోజు ఎంత కష్టపడి ఉంటాడో ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది.

"లిమ్బానీ, నేను మీ చెల్లెలితో పని చేసే భ్రమరాంబని నాయనా. చిసొమో బాగానే ఉంది, పనిలో ఉంది. మీ అమ్మకే కాస్త ఒంట్లో బాగాలేదు. వీలు చూసుకుని ఓసారి వచ్చి చూసి వెళ్ళు. కంగారేం లేదు. తొందరేం లేదు."

అవతల ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. "హమ్మయ్య. వార్తలు చూసి ప్రాణం పోయిందనుకోండి. రేపు బస్సెక్కుతాను," అన్నాడు లిమ్బాని. తేలికపడ్డ గొంతు. వెనక ఎవరితోనో నవ్వుతూ ఏదో చెప్పాడు. మళ్ళీ ఫోన్లోకి వచ్చి, "అమ్మ పక్కనే ఉందా? ఏమన్నా తెమ్మందేమో అడగండి," అన్నాడు.

భ్రమరాంబ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చిసొమో వంక చూసింది. ఆ మాట చిసొమోకి కూడా వినిపించింది.

"దుప్పటి తెమ్మనండి," అంది చిసొమో.